టవలు కప్పిన టీవీ ముందు మా డ్రాయింగు మాస్టారు

మా డ్రాయింగు మాస్టారు పోయారన్న కబురు నాకు ఎస్సెమ్మెస్‌లో వచ్చింది. పంపినవాడు కంప్యూటరు కోచింగు సెంటర్లో పాఠాలు చెప్పే లెక్చరరు. "గొప్ప కళాకారుణ్ణి కోల్పోయాం" అట. ఆ కళాకారుణ్ణి నా షాపు మెట్టు ఎక్కనివ్వకూడదని ఒకప్పుడు పందెం వేసింది ఈ పెద్దమనిషే. ఇలాంటివాళ్ళ నివాళులు చదివి మీరు నమ్మేస్తారని నేనే కలం పట్టాను. చదివింది ఎనిమిదో తరగతి. తప్పులుంటే నావి, మాస్టారివి కావు.

అప్పట్లో ధవళేశ్వరం బస్టాండు దగ్గర సీడీలు అద్దెకిచ్చే షాపు నాది. రిటైరయ్యాక మాస్టారు రోజూ సాయంత్రం వచ్చేవారు. ఇంట్లో టీవీ లేదు. మద్రాసు నుంచి తెప్పించిన జపాను కార్టూను బొమ్మల సీరియళ్ళంటే ఆయనకి ప్రాణం. "ఆపరా" అనేవారు. నేను రిమోటు నొక్కి బొమ్మ ఆపితే, ట్రేసింగు పేపరు టీవీ అద్దానికి ఆనించి, ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడి పెన్సిలుతో దించుకునేవారు. "ఇంకొక్కటి జరుపు." మళ్ళీ దించేవారు. చేపల బుట్ట నెత్తిన పెట్టుకున్న ఒక పిల్ల పది అడుగులు వెయ్యడానికి మాకు సాయంత్రం చాలేది కాదు. అద్దెకొచ్చినవాళ్ళు వాకిట్లో నన్ను తిట్టుకుంటూ నిలబడేవారు.

ఆదివారం వస్తే సభ. ఈ లెక్చరరూ, ఇరిగేషన్ ఆఫీసు గుమాస్తా ఒకడూ చేరి, తొంభైల్లో వచ్చిన జపాను సీరియళ్ళలో మొత్తం కార్టూన్ల ఇండస్ట్రీని మార్చేసింది ఏదని వాదించుకునేవారు. ఆ ఇండస్ట్రీ ఏ వైపుందో ఇద్దరికీ తెలీదు. రోబోలు యుద్ధం చేసే సీరియలేనని లెక్చరరు తీర్పు. దానికి తలూపడం గుమాస్తా పని. ఆఫీసులోనూ వాడు చేసేది అదే.

మాస్టారు టీవీ మీంచి తల తిప్పకుండానే అనేవారు: "మాట్లాడేవాడి నోరు గియ్యడం తేలికరా అబ్బాయ్. తెరిచిందొకటి, మూసిందొకటి. రెండు బొమ్మలు చాలు."

ఒక ఆదివారం ఆ మాట లెక్చరరుకి తగిలింది.

"ఏంటి మాస్టారూ, మీ చేపల పిల్ల ఇండస్ట్రీని మార్చిందంటారా? నలుగురూ నవ్విపోతారండీ."

"దాంట్లో మనుషులు నడుస్తారు నాయనా. మీదాంట్లో బల్లలు జరిపినట్టు జరుగుతారు. తెర పైసగం కప్పేసి కాళ్ళే చూడండి, తెలుస్తుంది."

"సరే, చూద్దాం. మీరు ఓడితే మాత్రం మళ్ళీ ఈ మెట్టు ఎక్కకూడదు."

"ఆయ్, న్యాయంగా ఉందండి" అన్నాడు గుమాస్తా.

మాస్టారు పెన్సిలు జేబులో పెట్టుకున్నారు. నా షాపు మెట్టు దిగితే ఆయన బొమ్మ చూడ్డానికి ఊళ్ళో ఇంకో చోటు లేదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే లోపలికెళ్ళి, రోబోల అట్టలో చేపల పిల్ల డిస్కూ, చేపల పిల్ల అట్టలో రోబోల డిస్కూ పెట్టాను. మాస్టారు ఇంకా చూడని భాగమే, అదీ ఆ పిల్ల వానలో బూట్లు వేసుకున్న చోటే వెతికి పెట్టాను. కాళ్ళు పోల్చుకోలేక తన ముద్దుల సీరియల్ని ఆయనే తిడుతుంటే చూడాలని. నా సరదాలు అప్పట్లో అలా ఏడ్చేవి.

సౌండు తీసేసి, టీవీ పైసగం మీద టవలు కప్పి, రోబోల అట్ట చూపించి డిస్కు వేశాను. టవలు కింద రెండు బూటు కాళ్ళు నడిచాయి.

"చూశారా ఆ మడమ!" లేచి నిలబడ్డాడు లెక్చరరు. "బరువెలా పడుతోందో! ఇదండీ ఇండస్ట్రీని మార్చిన నడకంటే!"

"ఏం నడకండీ బాబూ" అన్నాడు గుమాస్తా.

రెండోది వేశాను. ఇవీ బూటు కాళ్ళే.

"ఇదేంటండీ, నాచు మీద జారినట్టు! మీ పిల్లకి కాళ్ళు పడిపోయాయా మాస్టారూ? ఒప్పేసుకోండి."

మాస్టారు టీవీ దగ్గరికి జరిగారు. "మొదటిది మళ్ళీ వెయ్యరా" అన్నారు. వేశాను. మోకాళ్ళ మీద చేతులాన్చి వంగారు.

"ఈ బూట్లు దీనివి కావు. ఇంట్లో పెద్దవాళ్ళవెవరివో. కాలు జారకుండా లోపల వేళ్ళు బిగించి నడుస్తోంది. రోబోలు గీసేవాడికి ఇంత ఓపికెక్కడిది? ఒరేయ్, డిస్కులు మార్చావు. టవలు తియ్యి."

తీశాను. నెత్తిన చేపల బుట్ట.

"వీడు డిస్కు తప్పు పెడితే మేమేం చేస్తామండీ?" అన్నాడు లెక్చరరు.

"ఏం చెయ్యక్కర్లేదు. మీరు పొగిడింది అట్టని."

వాళ్ళిద్దరూ చెప్పులేసుకున్నారు. ఇక నాకు పడతాయనుకున్నాను. మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. "నిజంగా రానివ్వరేమోనని భయపడ్డానురా" అన్నారు. అందర్నీ రెండు బొమ్మల్లో తేల్చేసే మనిషి! వాళ్ళిద్దరికంటే నీచుణ్ణి ఆ షాపులో ఇంకొకణ్ణి ఉన్నానని అప్పుడు తెలిసింది. క్షమించమని అడగడం చేతగాక అడ్డదిడ్డంగా ఏదో అడిగాను.

"ఇంతకీ ఇండస్ట్రీని మార్చింది ఏదండీ?"

"నాకేం తెలుసు? నేనేమన్నా జపాను వెళ్ళొచ్చానా? రేపు ఆ బూట్ల దగ్గర్నుంచి పెట్టు."

బయట వాన వెలిసింది. ఆయన సైకిలు నడిపించుకుంటూ వెళ్తున్నారు. రోడ్డు మీద మడుగొకటి అడ్డొస్తే దాటారు. రెండడుగులు వేసి ఆగారు. సైకిలుకి స్టాండు వేసి వెనక్కొచ్చి, పంచె ఎత్తి పట్టుకుని, తన కాలు తనే చూసుకుంటూ మెల్లిగా మళ్ళీ దాటారు. రాజమండ్రి బస్సు వచ్చి హారను కొడుతోంది. ఆయన మూడోసారి దాటడానికి వెనక్కొచ్చారు.