అసలు మెమోలు అడిగిన మనిషి

ఆ మనిషి మమ్మల్ని ఒక్క రూపాయి కూడా అడగలేదు. నాకు అనుమానం మొదలైంది అక్కడే.

అప్పుడు తెలంగాణ కోసం సమ్మె నడుస్తోంది. మెదక్ డిపోలో బస్సులన్నీ వరుసగా నిలబడి దుమ్ము పట్టిపోయాయి. మా ఆయన బస్సు డ్రైవరు. పొద్దున్నే ఖాకీ చొక్కా తొడుక్కుని, డ్యూటీకి పోయినట్టే పోయి, చౌరస్తాలో వేసిన టెంటు కింద కూర్చుని, సాయంత్రానికి గొంతు బొంగురు చేసుకుని వచ్చేవాడు. ఆ టెంటు కిందే ఆ మనిషి పరిచయమయ్యాడు. ముప్పై ఏళ్ళు దాటని వాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, మెడలో కండువా, చేతిలో నల్ల బ్యాగు. నలుగురితో కలిసి నినాదాలిచ్చి, రోడ్డు మీద వండిన అన్నం అందరితో పాటే తిని, చేతులు కడుక్కుంటూ మా ఆయన్ని అడిగాడట, పిల్లలేం చదువుతున్నారని.

మాకు ఒక్కతే బిడ్డ. ఆ ఏడే ఇంటర్ పాసయింది. చిన్నప్పటి నుంచీ దానికి విమానాల పిచ్చి. మా మిద్దె మీద నేను బట్టలు ఆరేస్తుంటే, శిక్షణ విమానాలు చర్చి గోపురం పక్క నుంచి గుండ్రంగా తిరిగి పోతుండేవి. ఇది ఆరేయాల్సిన చీర భుజాన వేసుకుని, అవి కనపడకుండా పోయేదాకా అలాగే నిలబడేది. నాన్న బస్సు తోలుతుంటే నేను విమానం తోలితే తప్పేమిటని అడిగేది. మేం నవ్వేవాళ్ళం. కానీ ఆ రోజుల్లో కొత్త కొత్త కంపెనీల విమానాలు వచ్చాయి, పైలట్లు చాలడం లేదని పేపర్లో వస్తుండేది. అది ఆ ముక్కలు కత్తిరించి గోడకు అంటించింది. అప్పుడు నవ్వడం మానేశాం. బిడ్డ హైదరాబాదులో ఫీజు ఎంతో కనుక్కుని వచ్చి చెప్తే, మా ఆయన సరిగా వినపడలేదనుకుని రెండోసారి చెప్పమన్నాడు.

మా వంటి వెనుకబడిన కులాల పిల్లలకు పైలట్ చదువుకు సర్కారు సాయం ఉంటుందని కాలేజీలో సారు ఒకాయన చెప్పాడు. సంగారెడ్డి పోయి అడుగుదామంటే బస్సుల్లేవు, ఆటోలో పోతే ఆఫీసుకు తాళం. సమ్మె అక్కడా ఉంది. ఇంకోవైపు డిగ్రీలో చేరే గడువు దగ్గర పడుతోంది. సరిగ్గా అప్పుడే ఈ మనిషి వచ్చాడు.

ఇంటికి వచ్చి, చెప్పులు బయట విడిచి, నన్ను అక్కా అని పిలిచి, చాయ తాగి చెప్పాడు. తనది ఒక ట్రస్టట. మన ప్రాంతం పిల్లలు అన్నిట్లో వెనకపడ్డారు కనుక ట్రస్టే ఫీజంతా కట్టి బెంగుళూరు అవతల ఒక కంపెనీలో పైలట్ చదివిస్తుందట.

"ఒక్క రూపాయి అక్కర్లేదక్కా. పదోది, ఇంటరుది అసలు మెమోలు, క్యాస్ట్ సర్టిఫికెట్ ఇస్తె సాలు. పిల్ల మధ్యల ఇడిసిపెట్టి పోకుంట కంపెనోళ్ళు పెట్టుకుంటరు, గంతే."

మా ఆయన ముఖం వెలిగిపోయింది. బిడ్డ అప్పటికే బీరువా వైపు చూస్తోంది. నేను మాత్రం ఆ మనిషి చేతుల వైపు చూస్తున్నాను. చాయ గ్లాసు ఖాళీ అయినా కింద పెట్టకుండా తిప్పుతున్నాడు. నేను చదివింది అయిదో తరగతి. మెమోల సంగతి నాకేం తెలుసు? కానీ కూరగాయలమ్మే ఆమె కూడా కొసరు వేయాలంటే నాలుగు మాటలంటుంది. లక్షలు ఊరికే పెట్టేవాడు ఇంత మెత్తగా ఎందుకున్నాడు? ఆదివారం వచ్చి కాగితాలు తీసుకుంటానని పోయాడు.

మా పెద్దన్నను పిలిపించాను. మా వైపు ఏ పెళ్ళి సంబంధమైనా ఆయన విచారించకుండా ఖాయం కాదు. అంతా విని, ఊరు ఎక్కడిదన్నాడు. అల్లాదుర్గ్ దగ్గరలో ఒక పల్లె, కులం మాదేనని మా ఆయనకు మాటల్లో చెప్పాడట. అయితే పోయి అడిగొద్దాం అన్నాడు. కానీ సూటిగా అడగొద్దన్నాడు. ఆ రోజుల్లో చిన్న చిన్న అప్పులిచ్చే కంపెనీల వాళ్ళు వసూళ్ళకు ఊళ్ళమీద తిరుగుతుండేవాళ్ళు. ఎవరైనా కొత్తవాళ్ళు వచ్చి ఫలానా మనిషి ఎటువంటివాడని అడిగితే ఊరంతా నోరు కట్టేసుకునేది. అదే సంబంధం చూస్తున్నామంటే మంచం వేసి కూర్చోబెట్టి మరీ చెప్తారు.

అలా మేమిద్దరం ఆటోలో బయలుదేరాం, లేని పెళ్ళికి విచారణ చేయడానికి.

ఊళ్ళో అందరూ చెప్పారు. పాన్ డబ్బా అతను, క్షవరం చేసే అతను, అరుగు మీద బీడీలు చుట్టే ఆడవాళ్ళు. బంగారం లాంటి పిల్లగాడు అన్నారు. తాగడు, తిరగడు, తల్లి అంటే ప్రాణం అన్నారు. ఒకరు హైదరాబాదులో పెద్ద నౌకరీ అన్నారు, ఒకరు విమానాల నౌకరీ అన్నారు, ఇంకొకరు బిజినెస్ అన్నారు. తల్లి ఆ రోజు ఊళ్ళో లేదు. పొద్దెక్కేసరికి మా అన్న సంచి భుజాన వేసుకుని, ఇక ఏ భయం లేదన్నాడు.

నాకు మాత్రం భయం పెరిగింది. సంబంధం అడగడానికి వచ్చినవాళ్ళకు మా వైపు ఎవరూ చెడు చెప్పరు. ఒకరి పెళ్ళి చెడగొట్టిన పాపం మనకెందుకని పది ఊళ్ళలోనూ అదే మర్యాద. చెప్పిన మాటల్లో నిజం వెతికితే దొరకదు, చెప్పనిదాంట్లో వెతకాలి. అందుకే ఇలాంటి విచారణకు పోయినప్పుడు చివర్లో ఒక మాట అడుగుతారు. నేనూ వచ్చే ముందు బీడీలు చుట్టే ఆమె పక్కన కూర్చుని అడిగాను.

"అక్కా, నీకు ఈడొచ్చిన పిల్ల ఉంటె గీ ఇంటికి ఇస్తువా?"

ఆమె తునికాకు కత్తిరిస్తూనే ఉంది. మా పిల్లలు చిన్నోళ్ళమ్మా అంది. ఆమె వెనకాల పెళ్ళీడు పిల్ల దారం చుడుతూ కూర్చుని ఉంది.

ఇంటికొచ్చి ఇదంతా చెప్తే బిడ్డకు కోపం నషాళానికి అంటింది.

"ఫీజు సంగతి అడగమంటె నాకు మొగుణ్ణి సూసొచ్చిండ్రా? మామా, కట్నం గూడ మాట్లాడొచ్చినవా, లేకుంటె గది ఆదివారమా?"

మా అన్న నవ్వాడు కానీ నాకు నవ్వు రాలేదు. అంతవరకు అది నా మీద గొంతు పెంచింది లేదు. ఇచ్చేవాడు వస్తే వాడి ఊరు, కులం, నడక అడుగుతారు, ఇయ్యనివాళ్ళను ఒక్కమాట అడగరు అని ఏడ్చింది. దాని మాటలో న్యాయం లేకపోలేదు. డిగ్రీ గడువు సోమవారంతో అయిపోతుంది. ఆదివారం మెమోలు ఇచ్చేస్తే డిగ్రీ లేదు. ఇయ్యకపోతే విమానం లేదు.

శనివారం మధ్యాహ్నం మా ఇంటిముందు ఆటో ఆగింది. ఇద్దరు ఆడవాళ్ళు దిగారు. ముందున్నామె ముసలామె, కొత్త చీర, చేతిలో కొబ్బరికాయ, పూలు, మిఠాయి డబ్బా. డ్రైవరు గారి ఇల్లు ఇదేనా అని అడుగుతూనే లోపలికి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"వదినె, మీరు మా ఊరికొచ్చి పోయిండ్రట. మేం ఇంట్ల లేకపోతిమి. చాయ నీళ్ళు తాగకుంట పోతిరని మనసున పట్టలే. పిల్లను గూడ సూసిపోదమని మేమే వస్తిమి."

సంబంధం అడిగేటప్పుడు ఎవరి ఇల్లు, ఎక్కడివాళ్ళు అని చెప్పకపోతే ఎవరూ మాట్లాడరు. అందుకని మా అన్న మా ఇంటి గుర్తులన్నీ పద్ధతి ప్రకారం చెప్పి వచ్చాడు. ఆ ముసలామె ఆ మనిషి తల్లి. వెంట వచ్చింది ఆమె ఆడబిడ్డ.

బిడ్డ తలుపు చాటు నుంచి నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. కూర్చోబెట్టి నీళ్ళిచ్చాను. కొబ్బరికాయ చాప మీద పెట్టబోతుంటే ఆపి, ఉన్నది చెప్పేశాను. మేం వచ్చింది పెళ్ళికి కాదు, మీ కొడుకు మా బిడ్డను పైలట్ చదువుకు పంపుతానన్నాడు, మనిషి ఎటువంటివాడో తెలుసుకుందామని వచ్చాం అన్నాను. ఆడబిడ్డ గయ్యిమంది. ఊరంతా చెప్పుకున్నామని, ఇంత మోసం ఎక్కడా చూడలేదని, లేచి నిలబడింది. ముసలామె లేవలేదు. నీళ్ళ గ్లాసు కింద పెట్టింది.

"గా బెంగుళూరు కంపెనీకా? మెమోలు అడిగిండా?"

అడిగాడన్నాను. చాప అంచు లాగుతూ చెప్పింది.

"సంబంధానికైతే నేను గూడ మంచోడనే అందు. మంచోడే. రెండెకరాలు అమ్మి గా చదువుకే పంపినం. మధ్యల పైసలైపోయినయి, వాడు ఇంటికొచ్చిండు. వాని కాయిదాలు మాత్రం రాలే, కంపెనోళ్ళ కాడనే ఉన్నయి. ఇయ్యాల్నంటె ఇంకింతమంది పిల్లలను తోలుకరమ్మన్నరట. పిల్లలు పొయినంక ఫీజు అడుగుతరు. ట్రస్టు లేదు, గిస్టు లేదు. నా కొడుకును ఏమనకుండ్రి. గని మీ బిడ్డ కాయిదాలు ఇయ్యకుండ్రి."

తెచ్చిన మిఠాయి డబ్బా మాత్రం వద్దన్నా అక్కడే పెట్టి పోయింది.

అయినా అనుమానం తీరలేదు, దాని దిక్కు మారింది. మా ఆయన ఒక్క మిఠాయి కూడా ముట్టలేదు. సంబంధం కాదనేసరికి కోపంకొద్దీ కొడుకు మాట చెడగొట్టి పోయిందేమో, లేకపోతే కన్నతల్లి కొడుకు మీద చెప్తుందా అన్నాడు. నాకూ అది నిజమే అనిపించింది. ఆమె కళ్ళలో కోపం ఉందా, బాధ ఉందా అని రాత్రంతా తలుచుకున్నాను. అటూ తేల్చుకోలేకపోయాను, ఇటూ తేల్చుకోలేకపోయాను. బిడ్డ మాత్రం, రేపు ఆయన వచ్చాక మీరెవ్వరూ మాట్లాడొద్దు, నేనే అడుగుతా అంది.

ఆదివారం చెప్పిన టైముకే వచ్చాడు. అదే తెల్ల చొక్కా. బెంగుళూరు రైలు గురించి, హాస్టల్లో మన అన్నమే పెడతారని, మొదటిసారి విమానం నేల విడిచినప్పుడు కడుపులో ఎట్లా ఉంటుందో చెప్తున్నాడు. ఆ ముక్క చెప్తున్నప్పుడు మాత్రం అబద్ధం చెప్తున్నట్టు లేడు. బిడ్డ మెమోలున్న ప్లాస్టిక్ కవరు ఒళ్ళో పెట్టుకుని అంతా విన్నది.

"అన్నా, మీ మెమోలు మీ కాడ ఉన్నయా?"

దాని ముఖంలోకి చూశాడు, తర్వాత నా ముఖంలోకి చూశాడు.

"మా అమ్మ వచ్చిందా ఇక్కడికి?"

బ్యాగు జిప్పు మూసి లేచాడు. గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ, మా వైపు తిరగకుండానే అన్నాడు.

"కాయిదాలు నీ కాడనే ఉంచుకో చెల్లె. ఎవ్వలకీయకు."

మా ఆయన ఆ మనిషిని ఏమైనా అంటాడేమో అనుకున్నాను. సందు చివరిదాకా తోడు పోయి వచ్చాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు ఎప్పుడూ చెప్పలేదు. సోమవారం మధ్యాహ్నం బిడ్డ పోయి డిగ్రీలో చేరింది. ఆ తర్వాత చాలా రోజులు నాతో పనికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. గోడ మీద పేపరు ముక్కలు మాత్రం పీకలేదు.

సమ్మె అయిపోయింది, బస్సులు తిరిగాయి, ఆఫీసులు తెరిచారు. సర్కారు సాయం కోసం అది రెండుసార్లు రాసింది. మొదటిసారి రాలేదు. మన పిల్లలకు ఇయ్యరులే అని మా ఆయన, పేర్లు ముందే రాసుకుని ఉంటారని నేను. రెండోసారికి డిగ్రీ చివరి ఏడులో ఉంది. ఎంపికైనవాళ్ళు అసలు మెమోలు తీసుకుని రావాలని పిలుపు వచ్చింది. కంపెనీ వాళ్ళ దగ్గర ఉండిపోయి ఉంటే ఆ రోజు ఏం తీసుకుని పోయేది?

నేనూ వెంట పోయాను. బల్ల అవతల కళ్ళద్దాల ఆయన కూర్చున్నాడు. తల ఎత్తకుండా చెయ్యి చాపాడు. బిడ్డ కవరు నా చేతికిచ్చి పెన్ను తీస్తోంది. ఆ చెయ్యి అలాగే చాపి ఉంది. నేను ఇయ్యలేదు. వెనక వరుసలో ఎవరో గొణిగారు. ఆయన అప్పుడు తల ఎత్తి, ఏమిటమ్మా అన్నాడు. తిరిగి ఎప్పుడిస్తారని అడిగాను. చూసి ఇప్పుడే ఇస్తానన్నాడు. ఇక్కడే, నా ముందే చూడమన్నాను.

"అమ్మా, గాయిన సూసి ఇస్తడే. ఇడువు" అంది బిడ్డ, నా వేళ్ళు ఒక్కొక్కటే కవరు మీద నుంచి తీస్తూ.