మ్యాపులో మాత్రమే పారిన నీళ్లు

2003 వేసవి. పల్నాడులోని ఒక మార్కెట్ పట్టణంలో, మంచినీటి సరఫరా విభాగంలో అసిస్టెంట్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. ఊరి పేరు చెప్పను. ఈ కథలో తలదించుకున్నవాళ్లలో నేనొకణ్ణి, మిగతావాళ్లకు ఆ ఊళ్లో ఇప్పటికీ బంధువులున్నారు.

సాగర్ కాలువ నీళ్లు ఊరి బయట చెరువులో నింపుకుని, శుద్ధి చేసి, గుట్ట మీది ట్యాంకుకు ఎక్కించి అక్కణ్ణుంచి వదిలేవాళ్లం. ఊళ్లో మిర్చి యార్డులు, పత్తి మిల్లులు ఉండేవి. పత్తి మిల్లు వెనకున్న కాలనీలో ఆడవాళ్లంతా మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లేవాళ్లు. ఆ పని చేసినవాళ్ల చేతులు సాయంత్రానికి నిప్పు పట్టుకున్నట్టు మండుతాయి. ఇంటికి రాగానే వాళ్లకు ముందు కావలసింది తాగడానికి నీళ్లు కాదు, చేతులు ముంచుకోవడానికి.

ఆ సంవత్సరం జనవరిలో శారద గారు మా ఆఫీసుకు వచ్చారు. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ డాక్టరేట్ కోసం పరిశోధన చేస్తున్నారు. రోజూ సత్తెనపల్లి నుంచి బస్సులో వచ్చి, పొద్దున్నే నీటి ఒత్తిడి కొలిచే ప్రెషర్ గేజ్ పట్టుకుని కుళాయి కుళాయికీ తిరిగేవారు. ఆమె పరిశోధన ‘రిజిలియన్స్’ మీద. ఆ మాట నేను అప్పుడే మొదటిసారి విన్నాను.

"ఒక పైపు పగిలిందనుకోండి, ఊరంతా ఎండిపోకూడదు. కొంచెం తగ్గినా నీళ్లు ఇంకో దారిన రావాలి. అలా తట్టుకునే గుణాన్నే రిజిలియన్స్ అంటారండీ" అని చెప్పారు.

అలా తట్టుకోవాలంటే పైపులు చెట్టుకొమ్మల్లా విడిపోయి చివర ఆగిపోకూడదు. ఒకదానితో ఒకటి కలిసి చుట్టు తిరగాలి. దాన్ని మేం లూప్ అంటాం. మా మ్యాపు ప్రకారం మిల్లు కాలనీకి అలాంటి లూపే ఉంది. పెద్ద పైపు బైపాసు వెంట వచ్చి కాలనీ పైచివరను కలుస్తుంది. ఇంకో పైపు బజారు మీదుగా మార్కెట్ రోడ్డు వెంట వచ్చి కింది చివరను కలుస్తుంది. శారద గారు ఆ మ్యాపును కంప్యూటర్లోకి ఎక్కించి లెక్కలు కట్టారు. పెద్ద పైపు పగిలినా కాలనీకి బజారు వైపు నుంచి నీళ్లు వస్తాయని మార్చిలో మాకు ఒక నివేదిక ఇచ్చారు.

ఏప్రిల్‌లో బైపాసు కల్వర్టు దగ్గర పెద్ద పైపు పగిలింది.

బజారు వైపు నుంచి చుక్క కూడా రాలేదు. పైపు అతకడానికి అయిదు రోజులు పట్టింది. ఆ అయిదు రోజులూ ట్యాంకర్ల దగ్గర బిందెల యుద్ధం నడిచింది. మూడో రోజు కోటేశ్వరమ్మ అనే ఆవిడ నా టేబుల్ ముందుకొచ్చి రెండు అరచేతులూ చాపింది. వేళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి.

"సారూ, పొద్దుటి నుంచీ కాయలో ఉన్న చేతులివి. బిడ్డను ఎత్తుకుంటే బిడ్డకు మంట, ముద్ద కలిపితే ముద్దకు మంట. వీటిని ఎక్కడ పెట్టుకోమంటారో మీరే చెప్పండి."



పైపు అతికాక మా మున్సిపల్ కమిషనర్ గారు సమావేశం పెట్టారు. కాలనీకి కొత్త ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టాల్సిందేనని అందరూ ఒకే మాట మీద ఉన్నారు. ఆయన శారద గారి నివేదిక ఎత్తి చూపిస్తూ, "ఏమ్మా, మీ కంప్యూటర్ నీళ్లు వస్తాయంది కదా?" అన్నారు. కొందరు నవ్వారు.

ఆమె లేచి నిలబడ్డారు. "తప్పు నాదేనండి. మ్యాపును నమ్మాను, వీధిని చూడలేదు. మ్యాపుకూ నేలకూ ఎక్కడ తేడా వచ్చిందో కనుక్కుంటాను. ఒక్క వారం ఇవ్వండి."

ఆ మ్యాపు ఇచ్చింది నేను. పాత మ్యాపు చిరిగిపోతుంటే ట్రేసింగ్ కాగితం మీద ఎత్తి రాసి, ‘సరిచూడబడినది’ అని కింద సంతకం పెట్టిందీ నేనే. ఒక్క వాల్వ్ దగ్గరకు కూడా వెళ్లి సరిచూడలేదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకూ తెలిసే ఉండాలి. అయినా నా వైపు చూడలేదు. సమావేశమయ్యాక వరండాలో, "మ్యాపు నాదండీ" అన్నాను. "అయితే రేపు మీరూ నాతో రండి" అన్నారు, అంతే.

మర్నాడు ముగ్గురం కాలనీకి వెళ్లాం. మూడోవాడు మస్తాన్ వలి గారు, మా టర్న్‌కాక్. అంటే వేళ ప్రకారం వాల్వులు తిప్పి ఏ పేటకు నీళ్లు వదలాలో చూసే మనిషి. ముప్పై ఏళ్ల సర్వీసు. పైపు మీద చెవి పెట్టి విని లోపల నీళ్లు పారుతున్నాయో నిలిచాయో చెప్పేవాడు. ఆ రోజు మాత్రం మాకు నాలుగడుగులు వెనకే నడిచాడు.

శారద గారు ఈసారి గేజ్ సంచిలోంచి తీయలేదు. రోడ్డును ఆనుకుని ఉన్న కోటేశ్వరమ్మ ఇంటి ముందు రాయి మీద కూర్చుని, "నీళ్లు ముందు ఎవరింటికి వస్తాయమ్మా?" అని అడిగారు.

"పైనున్న మరియమ్మకే. అక్కణ్ణుంచి వరసన కిందికి దిగుతయ్. ఆఖరు కుళాయి నాది."

"ఎప్పుడూ ఇంతేనా?"

"అబ్బే. మా అత్త బతికున్న రోజుల్లో నాకూ మరియమ్మకూ ఒకేసారి వచ్చేవి. నడి వీధిలో సుబ్బులుకి ఆఖరు. అప్పుడది మమ్మల్ని తిట్టేది, ఇప్పుడు నేను దాన్ని తిడుతున్నా. ఈ రోడ్డు ఎత్తు చేసిన కాడి నుంచీ మా రాత తిరగబడింది."

శారద గారు నోట్‌బుక్ మూశారు. "రెండు వైపుల నుంచీ నీళ్లు వస్తే ఆఖరు ఇల్లు వీధి మధ్యలో ఉండాలి. ఇప్పుడు వీధి చివర ఉంది. అంటే కింది వైపు దారి మూసుకుపోయింది" అని నాతో అన్నారు. నాలుగు నెలల లెక్కలకు అందనిది రెండు ప్రశ్నలకు దొరికింది. ఆ సంతోషం ఆమె ముఖంలో కనిపించింది. కోటేశ్వరమ్మ చెయ్యి పట్టుకుని, "మీరు చెప్పింది నా పుస్తకంలో రాసుకుంటానమ్మా" అన్నారు.

మస్తాన్ గారు తలదించుకుని మాకంటే ముందే ఆఫీసు వైపు నడిచాడు.

మర్నాడు ఆఫీసు తెరిచేసరికి ఆయన నా గది బయట నిలబడి ఉన్నాడు. శారద గారు కూడా వచ్చాక లోపలికి వచ్చి తలుపు దగ్గరే ఆగాడు.

"సార్, ఆ కింది వైపు వాల్వ్ మూసింది నేనే."

రోడ్డు ఎత్తు చేస్తున్న రోజుల్లో మిల్లు మూల దగ్గర ఒక జాయింటు కారుతుంటే, బాగుచేయడానికని ఒక్క రోజుకు మూశాడట. బాగుచేసి, మర్నాడు తెరుద్దామని వస్తే వాల్వ్ గుంట మీద కంకర పరిచి రోడ్డు వేసేశారు. అప్పటి ఇంజనీరుకు చెబితే, తర్వాత చూద్దాంలే అన్నాడట. ఆయన బదిలీ అయ్యాడు. తర్వాత ముగ్గురు ఇంజనీర్లు మారారు.

"కొత్త సారు వచ్చినప్పుడల్లా చెబుదామనుకున్నా. ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్పాలి సార్? ఏడాది గడిచేకొద్దీ నోరు ఇంకా బిగుసుకుపోయింది. మొన్న ఆఫీసులో కోటేశ్వరమ్మ చేతులు చూశాక రెండు రోజులు అన్నం సయించలేదు. రిటైరయ్యే ముందు సస్పెండ్ చేసినా సరే, చెప్పేశా."

నేను ఏమనాలో తేల్చుకునేలోపే శారద గారు తన కుర్చీ ఆయన ముందుకు జరిపారు. "కూర్చోండి మస్తాన్ గారూ. ఆ వాల్వ్ ఎక్కడుందో మీరు తప్ప చెప్పగలిగేవాళ్లు ఈ ఊళ్లో లేరు."

ఆయన కూర్చోలేదు గానీ కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

కమిషనర్ గారికి ముగ్గురం కలిసి చెప్పాం. మ్యాపు మీద తప్పుడు సంతకం నాదని నేనూ ఒప్పుకున్నాను. ఆయన గట్టిగానే మందలించారు, తవ్వడానికి అనుమతి కూడా అప్పుడే రాసిచ్చారు.

మిల్లు ప్రహరీ మూల నుంచి మస్తాన్ గారు అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి, ఒకచోట మడమతో నేలను తొక్కి "ఇక్కడ" అన్నాడు. రెండడుగుల లోతున రోడ్డు పెళ్లగిస్తే సరిగ్గా ఆ మడమ కింద ఇనుప మూత కనిపించింది. లోపల స్లూయిస్ వాల్వ్. చక్రం తిప్పితే పైకి లేచే ఇనుప తలుపు లాంటిదన్నమాట. అది తుప్పుపట్టి రాయిలా ఉంది. కూలీలు గడ్డపలుగు వేసి తిప్పబోతే మస్తాన్ గారు అరిచాడు.

"ఒరేయ్ ఆగండ్రా! బలవంతం చేస్తే లోపలి స్పిండిల్ కడ్డీ విరుగుద్ది. అంతే సంగతులు."

కిరోసిన్ పోసి నానబెట్టాడు. గుంటలోకి తానే దిగి పావు చుట్టు ముందుకు, మళ్లీ వెనక్కు, మళ్లీ కొంచెం ముందుకు తిప్పాడు. ఎండకు నెత్తి మాడుతోంది. శారద గారు తన గొడుగు తెచ్చి గుంట మీద పట్టి నిలబడ్డారు. మధ్యాహ్నం దాటాక పైపు లోపల బుస వినిపించింది. మస్తాన్ గారు పైపుకు చెవి ఆనించి కళ్లు మూసుకున్నాడు. "కదిలినయ్ సార్" అన్నాడు.

మేం నవ్వుకుంటుంటే శారద గారు మాత్రం తృప్తిపడలేదు. "మళ్లీ పగిలేదాకా ఎందుకు ఆగాలి? రేపు సాయంత్రం పెద్ద పైపును మనమే కట్టేద్దాం. వస్తాయో రావో చూద్దాం."  ఆమె నన్ను వెంటబెట్టుకుని కాలనీకి వెళ్లి ముందుగా కోటేశ్వరమ్మకే చెప్పి ఆమె ఒప్పుకోలు అడిగారు.

"ఆపండమ్మా, చూద్దాం. రాకపోతే మాత్రం అందరం మీ ఆఫీసుకొచ్చి ఈ సారు బిందెలోనే చేతులు కడుక్కుంటాం."

మర్నాడు సాయంత్రం పెద్ద పైపు కట్టేశాం. యార్డుల నుంచి ఆడవాళ్లు వచ్చి మమ్మల్ని చూస్తూ వరసగా నిలబడ్డారు. కోటేశ్వరమ్మ కుళాయి ముందు గాలి కక్కింది. తర్వాత ఎర్రటి తుప్పునీళ్లు, ఆ తర్వాత వేలెడు లావున తేటనీళ్లు వచ్చాయి. ఆమె రెండు చేతులూ కింద పెట్టి, చాలాసేపు అలాగే ఉంచింది. శారద గారు వీధి పొడవునా నడిచి, ఆఖరుగా నీళ్లు ఎవరికి వచ్చాయో చూసి వచ్చారు. నడి వీధిలోని సుబ్బులుకే.

కొత్త ట్యాంకు తర్వాతి సంవత్సరాల్లో వచ్చింది, అదీ అవసరమే. మస్తాన్ గారిమీద చర్య ఏదీ తీసుకోలేదు. రిటైరయ్యేలోపు ఆయన ఊళ్లోని ప్రతి వాల్వూ నాకు చూపించి, నా చేతే తిప్పించాడు. శారద గారు తన పరిశోధన గ్రంథం ఒక ప్రతి మా ఆఫీసుకు పంపారు. అందులో ఒక అధ్యాయమంతా తన మొదటి లెక్క ఎలా తప్పిందో రాశారు. కృతజ్ఞతల పేజీలో ప్రొఫెసర్ల పేర్ల కంటే ముందు ఒక టర్న్‌కాక్ పేరూ, ఒక మిరప కూలీ పేరూ ఉన్నాయి.

పైపులెన్ని కలిపినా, తిప్పితే తిరిగే వాల్వు లేని లూపు లూపు కాదని ఆ వేసవి నేర్పింది. దానికంటే ముఖ్యంగా, తప్పు ఒప్పుకోవడం సులువయ్యేలా ఒకరు కుర్చీ జరిపితే, ఏళ్ల తరబడి మూతపడింది కూడా తెరుచుకుంటుందని చూశాను. ఆ తర్వాత చాలా ఊళ్లకు బదిలీ అయ్యాను. ప్రతిచోటా మొదటి రోజు మ్యాపు అడగడం మానేశాను. అక్కడి టర్న్‌కాక్‌ను పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి, టీ తెప్పించి ఒకటే అడిగేవాణ్ణి: "ఏ వాల్వ్ ముట్టుకోవాలంటే మీకు భయం?"

 టీ గ్లాసు కింద పెట్టి ఒక వీధి పేరు చెబుతారు. చెప్పని ఊరు నాకింతవరకు తగల్లేదు.