గోడవైపు తిప్పిన తెర

గురజాల బస్టాండు వెనక సందులో కృపామణి కొట్టూ నా కొట్టూ పక్కపక్కనే ఉంటాయి. నాది మోటార్ల వైండింగ్ పని, ఆమెది పాత ఫొటోలు బాగుచేసే పని. మధ్యలో ఒకటే గోడ. రెండు కొట్లకీ ఒకటే మీటరు, ఒకటే మెయిన్ స్విచ్. ఆ స్విచ్ నా వైపు ఉంది.

కృపామణికి నలభై ఏడేళ్లు. పదో తరగతి అయ్యాక నరసరావుపేటలో ఒక స్టూడియోలో చేరి, నెగెటివ్‌ల మీద సన్నటి పెన్సిల్‌తో మొహాలు దిద్దడం నేర్చుకుంది. రీలు కెమెరాలు పోగానే స్టూడియోవాళ్లకి ఆమెతో పని లేకపోయింది. పాత కంప్యూటర్ ఒకటి కొనుక్కుని అదే పనిని తెర మీద చెయ్యడం మొదలుపెట్టింది. దొంగ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్న రోజుల్లో వైరస్ వచ్చి మూడు నెలల పని పోయింది. అప్పుడు మారింది, డబ్బు కట్టక్కర్లేని లినక్స్‌కి. ఎవరూ నేర్పలేదు. కొట్టిన ప్రతి కమాండూ, వచ్చిన ప్రతి తప్పూ ఒక రూళ్ల నోటుబుక్కులో తెలుగులో రాసుకుంటుంది. నాలుగు నోటుబుక్కులయ్యాయి.

ఫొటో ఇచ్చి వెళ్లిపోతానంటే ఆమె ఒప్పుకోదు. ఆ మనిషిని ఎరిగినవాళ్లు పక్కన కుర్చీలో కూర్చోవాలి. కనుబొమ ఎంత ఒత్తు, దవడ ఎంత వెడల్పు, వాళ్లు చెబుతుంటే కంప్యూటర్‌కి తగిలించిన పలక మీద పెన్నుతో కొంచెం కొంచెంగా గీస్తుంది. ఒక్కో మొహానికి మూడు నాలుగు సార్లు రావాల్సి ఉంటుంది. విసుక్కున్నవాళ్లు వేరే చోటికి పోతారు. పోనిస్తుంది.

ఆ శ్రావణంలో రెంటచింతల అవతలి నుంచి వీరరాఘవమ్మ వచ్చేది. డెబ్బై దాటిన మనిషి. భర్త నాపరాళ్ల క్వారీలో పనిచేసి ఇరవయ్యారేళ్ల కింద పోయాడు. ఆయనది ఉన్నది ఒకటే ఫొటో. అదీ ఎవరిదో పెళ్లిలో తీసిన గుంపు ఫొటో. మూడో వరసలో, మిరపగింజంత మొహం. ఇన్నేళ్లూ ఫొటో అవసరమే రాలేదామెకు. ఈ మధ్యనే భయం పట్టుకుంది.

"కళ్లు మూసుకుంటే ఇంతకుముందు ఎదురుగా నిలబడేవాడమ్మాయ్. ఇప్పుడు భుజాల దాకా వస్తన్నాడు, మొహం రావట్లా" అంది మొదటి రోజే.

రెండుసార్లు కూర్చున్నాక ముక్కూ నుదురూ తేలాయి. కళ్లూ నోరూ మిగిలాయి. మూడోసారి వస్తానన్న రోజు పొద్దున జరిగింది ఇది.

తొమ్మిది దాటాక మా సందులోంచి ఒక శవయాత్ర వెళ్లింది. శవం పోతుంటే కొట్లన్నీ షట్టర్ సగం దించడం మా దగ్గర ఆనవాయితీ. మా సందులో ఇంకొకటి కూడా ఉంది. డప్పులు మలుపు దగ్గరికి రాగానే మోటార్లు, గ్రైండర్లు, రేడియోలు ఆగిపోవాలి. అందరం మెయిన్ లాగేస్తాం. నేను రోజూ చేసే పనిలాగే లాగాను. గోడకవతల ఏం నడుస్తోందో అడగలేదు. ఆమె యూపీఎస్ బ్యాటరీ ఎండాకాలంలోనే పోయిందన్న సంగతి నాకు తెలుసు కూడా.

కరెంటు ఇచ్చిన కాసేపటికి ఆమె కొట్లోంచి "ఇదేందీ" అన్నది వినబడింది. వెళ్లి చూశాను. తెర మీద బొమ్మలన్నీ పెద్దవై, అడ్డంగా సాగి ఉన్నాయి. వీరరాఘవమ్మగారి ఆయన మొహం తెరిచి ఉంది. సన్నటి క్వారీ మనిషి కాస్తా బుగ్గలు ఉబ్బి పప్పుల కొట్టు షావుకారులా ఉన్నాడు.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో వీరరాఘవమ్మ చెప్పుల చప్పుడైంది. కృపామణి రెండు చేతులతో మానిటర్‌ని పట్టుకుని గోడవైపు తిప్పేసింది.

"ఏమైందే అమ్మాయ్?"

"తెర పాడైంది పెద్దమ్మా. బాగుచేసి పిలుస్తా."

"ఉన్నకాడికి చూస్తాలే."

"వద్దు. తప్పు మొహం ఒకసారి కళ్లల్లో పడితే అసలుది ఇంక రాదు."

ముసలామె నా కొట్టు ముందున్న బల్ల మీద కూర్చుని సంచి ఒళ్లో పెట్టుకుంది. "రేపు రారాదా అవ్వా?" అన్నాను. "రేపటికి ఇంకొంచెం పోయిద్దయ్యా" అంది.

కృపామణి కంప్యూటర్ పెట్టె విప్పింది. తెర మీద బొమ్మ నడిపేది గ్రాఫిక్స్ కార్డు కాబట్టి ముందు దాన్నే ఊడదీసి, ఇత్తడి రంగు కొసల్ని రబ్బరుతో రుద్ది, దుమ్ము ఊది మళ్లీ పెట్టింది. మార్పు లేదు. కేబుల్ మార్చింది. లేదు. ఒకసారికి ఒకటే మార్చి చూడడం, రాసుకోవడం. నా పనిలోనూ అంతే. రెండు ఒకేసారి మార్చినవాడికి ఏది బాగుచేసిందో ఎప్పటికీ తెలియదు.

ఎదురు జెరాక్స్ కొట్టు ఫణీంద్ర వచ్చాడు. ఇంజనీరింగ్ చదివిన కుర్రవాడు, మంచివాడే, నోరు ఎక్కువ.

"అక్కా, ఫార్మాట్ కొట్టెయ్. అసలు ఆ లినక్స్ ఏందక్కా మనకి? ఆ ఫొటో ఇటియ్యి, ఫోన్లో ఏఐకి ఇస్తే నిమిషంలో చేసిపెట్టిద్ది."

"ఎవరో ఒకళ్ల మొహం చేసిద్దిరా. ఆమెకి ఎవరో ఒకళ్లు కాదుగా కావాల్సింది."

"బాగుంటదక్కా, హీరోలా వచ్చిద్ది."

బల్ల మీంచి వీరరాఘవమ్మ అందుకుంది. "హీరో ఎందుకురా నాయనా? నా కాపరం హీరోతో చేశానా?"

ఫణీంద్ర నవ్వుకుంటూ పోయాడు.

పన్నెండున్నరకి కృపామణి నన్ను పిలిచింది. మానిటర్ గోడవైపే ఉంది. గోడకీ దానికీ మధ్య ఇరుక్కుని కూర్చుని చదువుతోంది. తెర నిండా సన్నటి అక్షరాలు.

"అన్నా, పొద్దున మెయిన్ ఎన్నింటికి లాగావు?"

"తొమ్మిదీ పది అయ్యుంటది."

"తొమ్మిదీ పదికే ఆగింది ఇది కూడా."

విడమరిచి చెప్పింది. పొద్దున సిస్టం అప్‌డేట్ పెట్టింది. కెర్నల్ అంటే కంప్యూటర్ మొత్తాన్ని నడిపే అసలు ప్రోగ్రాం. కొత్త కెర్నల్ దిగింది. గ్రాఫిక్స్ కార్డుని నడిపే డ్రైవర్‌ని ఆ కెర్నల్ కొలతకి మళ్లీ తయారు చేసుకోవాలి. అది సగంలో ఉండగా కరెంటు పోయింది. ఇప్పుడు కెర్నల్ కొత్తది, డ్రైవర్ పాత కొలతది. కొత్త మోటారు స్టేటర్‌లో పాత తీగచుట్ట పట్టనట్టే. కార్డు పనిచెయ్యక, తెర ఏదో మోటు కొలతలో వెలుగుతోంది.

"నా వల్లే అయిందన్నమాట" అన్నాను.

"నీ చెయ్యేలే అన్నా" అంది నవ్వుతూ. "నేనూ చెప్పలా అప్‌డేట్ పెట్టానని. చావుకి ఆపకుండా ఉంటావా ఏంది?"

అంతే, ఇంక ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

మూడో నోటుబుక్కులో ఎక్కడో రాసుకున్నది వెతికింది. కొత్త కెర్నల్ వచ్చినా పాతది చెరిగిపోదు. ఆన్ చేసేటప్పుడు ఒక మీట నొక్కి పట్టుకుంటే రెండింటి పేర్లూ వస్తాయి. పాతదానికి దాని డ్రైవర్ ఉండే ఉండాలి. "సగంలో ఆగినప్పుడు దాన్ని కూడా కెలికి ఉంటే మాత్రం..." అని ఆపేసింది. గోడవతల వీరరాఘవమ్మ నా దగ్గర పనిచేసే కుర్రాడితో అంటోంది, రెండింటి బస్సు తప్పితే మళ్లీ అయిదింటికే అని.

ఆపి, ఆన్ చేసింది. మీట నొక్కి పట్టుకుంది. పేర్లు వచ్చాయి. పాతదాన్ని ఎంచుకుంది. నల్లటి తెర అలాగే చానాసేపు ఉండిపోయింది. ఆమె పెదవులు కదిలాయి, ప్రార్థనేమో. తర్వాత తెర సన్నగా, శుభ్రంగా, తన కొలతలో వెలిగింది.

ఫైలు తెరిచింది. షావుకారు పోయాడు. నా వంక చూసి, "కొలిచి చూద్దాం" అని, స్కేలు తెచ్చి, తెర మీద ఒక చదరపు గడి గీసి నాలుగు వైపులా కొలిచింది. సరిపోయాక గానీ మానిటర్ ఇటు తిప్పలేదు.

"సగంలో ఆగిన అప్‌డేట్ సంగతేంది?" అన్నాను.

"పెద్దమ్మ వెళ్లాక చేస్తా. ఆ పని ఎక్కడికీ పోదు."

వీరరాఘవమ్మ కుర్చీలో కూర్చుంది. నేను వెళ్లిపోబోతే కృపామణి ఉండమంది. పెన్ను కదలడం మొదలైంది.

"కన్ను ఇంత తెరవడమ్మాయ్. ఎండలో పని కదా, చిట్లించే చూస్తాడు."

కన్ను చిట్లింది.

"నోరు... నోరు నాకు గుర్తు రావట్లా."

"కోపంగా ఉన్నప్పుడు ఏం చేసేవాడు పెద్దమ్మా?"

"అరవడు. కింది పెదవి లోపలికి లాక్కుని కూర్చుంటాడు. అన్నం పెట్టినా మాట్టాడడు."

"సంతోషంగా ఉన్నప్పుడు?"

ముసలామె "అప్పుడూ అంతే" అంది. అని, తనే పకపకా నవ్వింది.

కింది పెదవి కొద్దిగా లోపలికి పోయింది. ఎడమవైపు ఒక గీత. పెన్ను ఇంకొక్కసారి తాకింది.

వీరరాఘవమ్మ జారిన పైటకొంగు తీసి భుజం మీద సర్దుకుంది. కుర్చీలో కొంచెం పక్కకి జరిగి కూర్చుంది, ఎదురుగా నిజంగా మనిషి వచ్చి కూర్చున్నట్టు.

కృపామణి పెన్ను కింద పెట్టింది.

"ఇంక గీకమాకమ్మా" అంది ముసలామె, తెర మీంచి చూపు తిప్పకుండా.

బయట రెండింటి బస్సు హారన్ కొట్టింది. మా ముగ్గురికీ వినబడింది. ఎవరం లేవలేదు.