మళ్ళీ డాక్టరమ్మ

ఆస్పత్రిలో ఆమెను చాటుగా 'మళ్ళీ డాక్టరమ్మ' అంటారు. టైఫాయిడ్ పేగుకు చిల్లు పెడితే కుట్టాలా, పాడైన ముక్క కోసి అతకాలా, పేగును పొట్ట మీదికి తెచ్చి సంచి తగిలించాలా అన్నది ఇట్టే తేల్చేస్తుంది. చేతులకు మాత్రం తొందర తెలియదు. ఆమధ్య ఒక దర్జీ పేగులో చిల్లు కుట్టగానే మత్తు డాక్టరు, "ఇంక మూసేద్దామమ్మా, కాఫీ చల్లారిపోతోంది" అన్నాడు. "మళ్ళీ చూద్దాం" అంటూ ఆమె పేగంతా జానెడు జానెడు వేళ్ళ మధ్య జరిపింది. కుట్టిన చోటికి మూరెడు పైన ఉల్లిపొరలా పలచబడ్డ చోటు దొరికింది. రేపో మాపో చిట్లి ప్రాణం తీసేది. దాన్నీ కుట్టింది.

వారానికి లేచి కూర్చున్న దర్జీ, "మేమూ అంతేనమ్మా, ఒకచోట చిరిగితే బట్టంతా వెలుతురుకు పట్టి చూస్తాం" అన్నాడు.

"బట్ట చూస్తావు, మూడు వారాల జ్వరం చూసుకోలేదు!" అంది భార్య.

డాక్టరమ్మ అతని పొట్ట మళ్ళీ నొక్కి చూసింది.