తడిగుడ్డతో తుడిచిన ఆకులు

కోనసీమ నుంచి వచ్చిన పాపాయమ్మ దుబాయ్ దగ్గరి ఉమ్ అల్ క్వైన్‌లో హయాత్ బాషా గారింట్లో పనికి కుదిరి పదకొండేళ్ళయింది. ఆయనకు ఉప్పునీళ్ళలో పెరిగే మడచెట్ల మీద పరిశోధన. భార్య ఫర్జానా కాలేజీలో చరిత్ర పాఠాలు చెబుతుంది.

2020లో కరోనా వచ్చి ల్యాబ్ మూసేశారు. ఆయన నలభై ట్రేల మడమొక్కలు ఇంటి పెరట్లోకి తెచ్చుకున్నారు. నెల తిరక్కుండా ఆయనే ఆస్పత్రి పాలయ్యారు. వంట, బట్టలు, గచ్చు తుడవడం సరిపోనట్టు మొక్కలకు కొలిచి ఉప్పునీళ్ళు పోసే పని కూడా పాపాయమ్మ మీదే పడింది. నడుం వంగితే లేచేది కాదు.

ఎండలు ముదిరేసరికి మొక్కలు మాడసాగాయి. ఏసీ నీళ్ళు కారే చోట ఉన్న వరుస మాత్రం పచ్చగా ఉంది. ఆ నీళ్ళకు వాటి ఆకులు కడుక్కుపోతున్నాయి, మిగతావి మాడేది ఆకుల మీద ఉప్పు పేరుకోవడం వల్లేనా అని ఆమెకు అనుమానం వచ్చింది. ఒక వరుస ఆకుల్ని రోజూ తడిగుడ్డతో తుడిచింది. పక్క వరుసను ముట్టుకోలేదు. ఏ మొక్క ఎన్ని ఆకులు రాల్చిందో క్యాలెండరు వెనక తెలుగులో రాసుకుంది. ఆరు వారాలకు తేడా కళ్ళకు కట్టింది.

కోలుకుని వచ్చిన హయాత్ బాషా ఆ కాగితాల మీద అంకెలు వేలు పెట్టి ఒక్కొక్కటే చదివారు. "ఇది నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్తారండి? ఊరికే చూశాను."

ఆయన మళ్ళీ ప్రయోగం చేసి వ్యాసం రాశారు. ఎప్పట్లాగే ఇంగ్లీషంతా ఫర్జానా దిద్దింది. 2022లో అచ్చయింది. చివర్లో 'ఇంటి సహాయకురాలికి కృతజ్ఞతలు' అని ఒక్క ముక్క ఉంది. పేరు లేదు.

ఆ వారమే ఫర్జానా హాల్లో కూర్చుని ఆన్‌లైన్ క్లాసు చెబుతోంది. "పద్దెనిమిదో శతాబ్దపు యూరప్‌లో విజ్ఞాన సభల తలుపులు ఆడవాళ్ళకు మూసే ఉండేవి. అయినా వాళ్ళు తోకచుక్కలు కనిపెట్టారు, భర్తల ప్రయోగాలకు బొమ్మలు గీశారు, పుస్తకాలు అనువదించారు. చాలామంది పేర్లు ఎక్కడా మిగల్లేదు."

ఇస్త్రీ చేస్తూ పాపాయమ్మ వింది. క్లాసు అయ్యాక ఫర్జానా భర్త వ్యాసం తెరిచి చివరి పేజీ మళ్ళీ చదివింది. తర్వాత ఆయన గదిలోకి వెళ్ళింది.

"పాపాయమ్మ పేరేదీ?"

"అచ్చయిపోయింది ఫర్జానా, ఖలాస్."

"అయితే ఇకమీద మీ ఇంగ్లీషు మీరే దిద్దుకోండి. నా పేరూ ఎక్కడా లేదుగా."

మూడు రోజులు ఆయన కొత్త కాగితాలు ఫర్జానా బల్ల మీద దిద్దకుండానే పడి ఉన్నాయి. నాలుగో రోజు ఆయన పత్రికకు ఉత్తరం రాశారు. ఐదు నెలలకు సవరణ వచ్చింది. ఫర్జానా ఫోన్‌లో చూపించింది.

"ఇదిగో, గుత్తుల పాపాయమ్మ. నువ్వే."

ఆ ఇంగ్లీషు అక్షరాల్ని ఆమె చాలాసేపు చూసింది. "దీంతో ఏటవుద్దండి?"

"ఏమీ కాదు. ఉంటుందంతే."

"ఉండనీండి," అంది పాపాయమ్మ, మోకాలు రుద్దుకుంటూ. లోపల సంతోషం లాంటిదేదో కదిలింది గానీ దాన్ని పట్టుకోవడానికి ఒంట్లో ఓపిక లేదు.

మర్నాడు, అదే ప్రయోగం ఇంకా పెద్దగా చేయడానికి, ల్యాబ్ నుంచి పెరట్లోకి అరవై కొత్త ట్రేలు దిగాయి. ఆమె గుమ్మంలో నిలబడి అడిగింది.

"సార్, ఇది ఇంటిపనిలో కలిపేశారా, ఏరే పనాండి?"

హయాత్ బాషా తన భార్య వంక చూశారు. ఆమె చేతిలోని పుస్తకం పేజీ తిప్పింది.

"వేరే పనే," అన్నారు చివరికి. "రోజూ పొద్దునపూట మొక్కలు చూడు. వంటకు ఇంకొకరిని పెడతాను."

పాపాయమ్మ తలూపి, నీడలోకి పీట లాక్కుని కూర్చుంది.