సువార్తమ్మ సైకిలుకు నేనిచ్చిన తీర్పు

అరవై మూడో ఏట నేను ఇటలీ సైకిళ్ల నిపుణురాలినయ్యాను. ఆ నిపుణత్వం సరిగ్గా ఏడు నెలల పదకొండు రోజులు బతికింది. ఒక శుక్రవారం ఉదయం పది గంటల నలభై నిమిషాలకు, బిట్రగుంట రైల్వే గేటు దగ్గరున్న సైకిలు షాపు ముందు, నలుగురు చూస్తుండగా చచ్చిపోయింది. శవాన్ని పంక్చర్లు చూసే నీళ్ల తొట్టిలోంచి బయటికి లాగారు. ఆ వివరాలు చెబుతాను, నవ్వదలచినవారు నవ్వండి. ఇప్పుడు నాకు డెబ్బై ఒకటి. ఆ అరవై మూడేళ్ల పిల్ల అంటే నాకూ గౌరవం లేదు.

ముప్పై నాలుగేళ్లు కావలిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాక మోకాళ్లు మొరాయించాయి. సైకిలు తొక్కమన్నాడు డాక్టరు. ఒక మామూలు లేడీస్ సైకిలు కొన్నాను. బుద్ధిగా దాన్ని తొక్కి ఊరుకున్నానా? ఫోన్లో సైకిళ్ల బొమ్మలు వెతికాను. అక్కడ తగిలాయి, ఇటలీలో చేసిన పాతకాలపు ఉక్కు రేసు సైకిళ్లు.

నిజం చెప్పాలి, అవి అందంగా ఉంటాయి. ఆ ఉక్కు గొట్టాలు చివర్లలో మందంగా, మధ్యలో పలచగా ఉంటాయి. గోటితో మీటితే ఇత్తడి గిన్నెలా మోగుతాయి. రెండు గొట్టాలు కలిసేచోట ఒక ఉక్కు తొడుగు. దాని అంచును అక్కడి పనివాడు ఆకురాయితో ఎంత పలచగా అరగదీస్తాడంటే, తొడుగు ఎక్కడ ముగిసి గొట్టం ఎక్కడ మొదలయిందో వేలికి తెలియదు. అంత ఓపికగా చేసిన పనిని చూసి ఆనందించి ఊరుకోవచ్చు. కానీ నేను చూసి ఆనందించే మనిషిని కాను, దిద్దే మనిషిని.

కాబట్టి ఒక వెర్నియర్ కాలిపర్ కొన్నాను. రెండు వందల పేజీల నోటుపుస్తకం కొన్నాను. ఇటలీ సైకిలును గుర్తుపట్టడానికి పదకొండు గుర్తులు రాసుకున్నాను. తల గొట్టం మీద బిళ్ల, రంగు మీద అక్షరాలు, వెనక చక్రం కూర్చునే ముక్క మీద ముద్ర, ఇలా పది. పదకొండోది మాత్రం ఎర్ర సిరాతో రాసి కింద రెండు గీతలు గీశాను. అది పెడళ్ల ఇరుసు తిరిగే గొట్టం. దానికి రెండు పక్కలా రెండు కప్పులు మరలతో బిగించి ఉంటాయి. మన సైకిళ్లకూ ఇంగ్లీషు సైకిళ్లకూ కుడివైపు కప్పుది ఎదురు మర, అంటే బిగించే వైపు తిప్పితే ఊడుతుంది. ఇటలీవాడికి ఆ ఎదురు బుద్ధి లేదు, రెండు పక్కలా మామూలు మరే. "బిళ్ల పోవచ్చు, రంగు మారవచ్చు, మర మారదు" అని నా దస్తూరీతోనే రాసుకున్నాను. చదివేవారు ఈ వాక్యాన్ని గుర్తుంచుకోండి. రాసినావిడ గుర్తుంచుకోలేదు.

నెల్లూరు వైపు పాత సైకిళ్ల మోజున్నవాళ్లు పంతొమ్మిది మంది కలిసి ఫోన్లో గ్రూపు పెట్టుకున్నారు. పంతొమ్మిది మందికి కలిపి ఇటలీ సైకిళ్లు నాలుగు. వాటిలో ఒకదానికి చక్రాలు లేవు. మిగిలిన మూడింటినీ కారు నెత్తిన కట్టుకుని ఊరేగిస్తారు, తొక్కితే అరిగిపోతాయట. వీళ్లకు పెద్ద ఒక పళ్ల డాక్టరు గారు. ఆయన ఒక ఆదివారం తెల్లవారి నెల్లూరు నుంచి మైపాడు సముద్రం దాకా సైకిలు యాత్ర పెట్టారు. ముందు వరసలో ఇటలీవి, వెనక వరసల్లో తక్కినవి. నా పదకొండు గుర్తులు చూసి నన్నూ గ్రూపులో చేర్చుకున్నారు కనుక, ఏది ఇటలీదో తేల్చే న్యాయనిర్ణేతను నేను. నిబంధనలు ఏడు, రాసింది నేనే. ఏడోది ఇది: న్యాయనిర్ణేత తీర్పే తుది తీర్పు, మార్చడానికి వీల్లేదు.

అప్పుడు వచ్చింది సువార్తమ్మ.

సువార్తమ్మ మా బిట్రగుంట స్టేషన్లో టికెట్లు ఇచ్చేది. ముప్పై నాలుగేళ్లు నెలనెలా నా కావలి సీజను టికెట్టు ఆమె చేతుల మీదుగానే అందింది. నాకంటే మూడేళ్లు చిన్న. వయసులో ఉన్నప్పుడు రైల్వే జట్టు తరఫున సైకిలు పందాలకు వెళ్లేదట. జట్టుకు ఇటలీ సైకిళ్లు తెప్పించారట. జట్టును ఎత్తేశాక తను తొక్కినదాన్ని తనకే ఇచ్చేశారట. ఈ "అట"లన్నీ మా కాలనీవి. ఆమె చెప్పినప్పుడల్లా జనం నవ్వి, చివరికి "ఇటలీ సువార్తమ్మ" అని పేరు పెట్టారు. ఎందుకంటే ఆమె తెచ్చి చూపించే సైకిలుకు మడ్గార్డులు, క్యారియర్, వైరు బుట్ట, క్వార్టర్ల కిటికీలకు వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగు. ఇటలీ మాట దేవుడెరుగు, అది ఇంటి కిటికీలా ఉంటుంది.

"అక్కా, నువ్వన్నా చూసి చెప్పు" అంది. "ఆదివారం ముందు వరసలో పోవాల నేను. ఒక్కసారి. ఈ కాలనీ అంతా చూడాల."

"చూస్తాను. కానీ తెలిసినదానివని మొహమాటం ఉండదు."

"మొహమాటం ఎందుకక్కా, అది ఇటలీదే గదా!"

బుధవారం గంటా పది నిమిషాలు పరీక్షించాను. తల గొట్టం మీద బిళ్ల లేదు, రెండు చిల్లులున్నాయి. అక్షరాలు లేవు. ముద్ర ఉండవలసిన చోట నాలుగు పూతల పచ్చరంగు. హ్యాండిలు మనది, చక్రాలు మనవి, సీటు మరీ మనది. పదికి రెండు వచ్చాయి.

"ఇరవై శాతం" అన్నాను. "పాసు ముప్పై అయిదు."

"ఏందక్కా, సైకిలుకు మార్కులేస్తుండావా?"

"నియమం నియమమే."

"నేను ఎక్కి తొక్కినా గదా. కొండ ఎక్కేటప్పుడు అది ఎట్టా కదిలేదో నా కాళ్లకు తెలీదా?"

"కాళ్లు సాక్ష్యం కావు సువార్తమ్మా."

ఆమె బుట్టలో ఉన్న గుడ్డ తీసి, నేను వేలుపెట్టి చూసిన చోటల్లా తుడుచుకుంది. గురువారం సాయంత్రం నేను గ్రూపులో తీర్పు పెట్టేశాను: ఇటలీది కాదు, వెనక వరస. పదకొండో గుర్తు ఇంకా చూడలేదు కదా అంటారేమో. ఇరవై శాతం వచ్చిన పిల్లవాడి చివరి ప్రశ్న ఎవరు దిద్దుతారు?

అయితే నోటుపుస్తకంలో ఆ పదకొండో గడి ఖాళీగా ఉంది. ఖాళీ గడి ఉంటే నాకు అన్నం సహించదు. ముందు వరసైనా వెనక వరసైనా ఇరవై అయిదు కిలోమీటర్లు తొక్కాలి కనుక, సువార్తమ్మ శుక్రవారం ఆ సైకిలును ఇరుసు తుడిపించి గ్రీజు పెట్టించడానికి రైల్వే గేటు దగ్గర మస్తాన్ సైకిలు షాపుకు తెచ్చింది. నేనూ వెర్నియరుతో తయారయ్యాను. కప్పులు విప్పి మరచుట్లు లెక్కపెట్టి, గడి నింపుకుని పోదామని.

మస్తాన్ ఎడమ కప్పు రెండు నిమిషాల్లో విప్పాడు. ఇరుసు బయటికి లాగాడు. కుడి కప్పుకు పానా పెట్టి, మన సైకిళ్లకు తిప్పినట్టే ఎదురు వైపు తిప్పాడు. కదల్లేదు. కిరసనాయిలు పోశాడు. సుత్తితో పానాను కొట్టాడు.

"రాలా మేడమ్. ఒకసారి మామూలు వైపు తిప్పి చూస్తామా?"

"వద్దు. ఇటలీ సైకిలు అయితేనే అటు తిప్పాలి. ఇది ఇటలీది కాదని తేల్చాను."

సువార్తమ్మ నా మొహంలోకి చూసింది. "ఇటలీదా కాదా తేల్చడానికే గదా అక్కా విప్పేది?"

"విప్పడం కేవలం లాంఛనం. ఇది తుప్పు. తుప్పుకు బలం కావాలి. పైపు తీసుకురా మస్తాన్!"

ఆరడుగుల నీళ్ల పైపు వచ్చింది. దాన్ని పానాకు తొడిగాం. ఎదురుగా టీకొట్టు రమణయ్య ఖాళీగా కనిపిస్తే పిలిచాను. సైకిలు పైకి లేవకుండా సువార్తమ్మను క్యారియర్ మీద కూర్చోమన్నాను.

"బాగుండాది. కోడిని కోసేటప్పుడు పెంచినదాన్నే కాళ్లు పట్టుకోమన్నట్టు" అంటూ కూర్చుంది.

మస్తాన్ యాభై ఎనిమిది కిలోలు, రమణయ్య ఎనభై ఒకటి, నేను అరవై మూడు. మొత్తం రెండు వందల రెండు. ఆరడుగులతో గుణిస్తే వెయ్యిన్నీ రెండు వందల పన్నెండు. ముగ్గురమూ చివరనే వేలాడలేం కనుక సగటున నాలుగున్నర అడుగులు తీసుకున్నా తొమ్మిది వందల తొమ్మిది. ఏ తుప్పు నిలుస్తుంది? ఇదంతా నోటుపుస్తకంలో వేసి, చూపించి మరీ పైపు పట్టుకున్నాను.

వేలాడాం. చూరుకు గబ్బిలాల్లా ముగ్గురం వేలాడాం. కప్పు వెంట్రుకంత కదిలింది.

"కదిలింది!" అని అరిచాను. "చూశారా?"

"కదిలింది మేడమ్" అన్నాడు మస్తాన్, పళ్లు బిగించి. "కానీ వదులైనట్టు లేదు. ఇంకా లోపలికి పోతుండాది."

"నీ భ్రమ. ఇంకొకసారి!"

"టీచరమ్మా, నా టీ పొంగిపోతుండాది" అన్నాడు రమణయ్య.

"పొంగనీ!"

ఇంకొకసారి వేలాడాం. పానా జారింది. చెవులు చిల్లుపడేలా ఠంగుమంది. రమణయ్య ఇసుక మీద కూలబడ్డాడు. మస్తాన్ అలవాటున్న మనిషి, పక్కకు గెంతాడు. నేను వెనక్కి నాలుగడుగులు వేసి పంక్చర్ల తొట్టిలో కూర్చున్నాను. ఆ తొట్టి అడ్డంగా రెండడుగుల మూడంగుళాలు. నా అడ్డం కొలత ఇక్కడ అనవసరం, ఇరుక్కున్నానని చెబితే చాలు.

ఎవరూ వెంటనే నవ్వలేదు. అది ఇంకా ఘోరం. సువార్తమ్మ మెల్లగా క్యారియర్ దిగి, మస్తాన్ ముందే విప్పిపెట్టిన ఎడమ కప్పును చేతిలోకి తీసుకుంది. కొంగుతో గ్రీజు తుడిచింది. తొట్టి దగ్గరికొచ్చి నాకిచ్చింది.

"అక్కా, పొద్దున్నించి ఇది ఆడనే ఉండాది. దీన్ని కొలిస్తే తెలీదా?"

నా నోటుపుస్తకంలో అదీ ఉంది. ఇంగ్లీషు కప్పు అయితే ముప్పై అయిదు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ, ఇటలీది అయితే ముప్పై ఆరు. నీళ్లలో కూర్చునే వెర్నియర్ తీశాను. కళ్లద్దాలు తుడుచుకున్నాను. ముప్పై ఆరు. తిప్పి ఇంకోచోట కొలిచాను. ముప్పై ఆరే. మూడోసారి కొలుస్తుంటే మస్తాన్ అడిగాడు, "ఏం మేడమ్, నీళ్లలో కొలిస్తే తగ్గుతాదా?"

అంటే ఏమిటి? మేం విప్పుతున్నామనుకున్నదల్లా బిగించడమే. పొద్దుటి నుంచి ఆ కుడి కప్పు ఎంత గట్టిగా చెప్పగలదో అంత గట్టిగా "నేను ఇటలీదాన్ని" అని చెబుతూనే ఉంది. నేను రెండు వందల రెండు కిలోలు తెచ్చి దాని నోరు మూయించాను.

"అయితే ఇప్పుడు ఆ కప్పు?" అని అడిగింది సువార్తమ్మ. "ఆదివారానికి నా సైకిలు?"

"దాన్ని విప్పే పనే లేదు సువార్తక్కా" అన్నాడు మస్తాన్. "లోపల గుడ్డ పెట్టి తుడిచి, గ్రీజు రాసి, కొత్త గోళీలు వేస్తే చాలు. ఎప్పుడూ అట్టనే చేస్తా. మేడమ్ లెక్కపెట్టాలన్నారని విప్పబోయినా. ఇంక అది ఈ జన్మలో రాదు."

తొట్టిలోంచి ఇద్దరు లాగితే బయటపడి, అక్కడికక్కడే పళ్ల డాక్టరు గారికి ఫోన్ చేశాను.

"డాక్టరు గారూ, సువార్తమ్మ సైకిలు ఇటలీదే. ముందు వరసలో వేయండి."

"అదెట్లా మేడమ్? ఏడో నిబంధన ఉంది కదా. తీర్పు మార్చడానికి వీల్లేదు."

"ఆ నిబంధన రాసింది నేనే!"

"అందుకే మేడమ్, అంత గట్టిగా ఉంది. అయినా పేర్ల బోర్డు అచ్చు వేయించేశాం."

ఫోన్ స్పీకర్లో పెట్టి ఉంది. సువార్తమ్మ విన్నది. "ఎనక నించే పోతాలే" అంది. "ముప్పై ఏళ్లుగా నవ్వినారు, ఇంకొక పూట నవ్వుతారు." కోపం లేదని చెప్పి ఉంటే బాగుండేది. చెప్పలేదు. నేను క్షమించమన్నాను, అదీ ఎవరికీ వినిపించనంత చిన్న గొంతుతో. పాఠం చెప్పేటప్పుడు మాత్రం ఆఖరి బెంచీకి వినిపించేది నా గొంతు.

ఆదివారం తెల్లవారి ముందు వరసలో మూడు ఇటలీ సైకిళ్లు మెరుస్తున్నాయి. చక్రాలున్న ఇటలీవి మూడే కదా. వాటి పక్కన న్యాయనిర్ణేత హోదాలో, లేడీస్ సైకిలు మీద, నేను. అయిదో వరసలో, పాల క్యాన్ల సైకిలుకూ ఒక పిల్లల సైకిలుకూ మధ్య సువార్తమ్మ. మడ్గార్డులు, క్యారియర్, బుట్ట తీసేసింది. చుడీదారు వేసుకుని, జుట్టు బిగించి కట్టుకుంది. ఆకుపచ్చ రంగు అలాగే ఉంది.

మూడో కిలోమీటరు దగ్గర మొదటి ఇటలీ సైకిలు ఫొటో కోసం ఆగింది. ఏడో కిలోమీటరు దగ్గర రెండోది, గుంతల్లో అరుగుతుందని కారెక్కింది. ఇందుకూరుపేట దాటాక మూడో దాని యజమాని రోడ్డు పక్కన కూర్చుని కొబ్బరినీళ్లు తాగుతున్నాడు. నేను వగరుస్తూ తొక్కుతున్నాను. వెనక నుంచి ఒక సన్నటి చప్పుడు వచ్చింది. గొలుసు చప్పుడు కూడా కాదు, గాలిని కోస్తున్న చప్పుడు. సువార్తమ్మ నా పక్కకొచ్చింది. ఆమెకు ఆయాసం లేదు.

"టీచరక్కా!" అంది. "ముందు నించి చూసి కనిపెట్టలేకపోయినావు గదా. ఇప్పుడు ఎనక నించి చూసి చెప్పు, ఎక్కడిదో!"

చూశాను. అర నిమిషం కనిపించింది. తర్వాత రొయ్యల గుంటల మలుపులో ఒక ఆకుపచ్చ చుక్క, ఆ తర్వాత అదీ లేదు. నేను మైపాడు చేరేసరికి ఆమె చేరి నలభై ఒక్క నిమిషాలైందట. మా కాలనీ నుంచి వ్యానులో వచ్చిన పదిహేడు మంది ఆమె చుట్టూ మూగి ఉన్నారు. ఎవరూ నవ్వడం లేదు. ఆమె ఒక్కతే నవ్వుతోంది.

కాబట్టి సముద్రం సాక్షిగా, అప్పటికి చీర ఆరిందన్న ధైర్యంతో, నేను చేసిన ప్రమాణం ఇది: ఏ మర అయినా రానని మొరాయిస్తే, ఎందుకు రానంటోందో దాన్ని మర్యాదగా అడగకుండా ఈ జన్మలో పైపు తెప్పించను. ఎనిమిదేళ్లయింది. ఒక్క రోజు తప్పలేదు. పచ్చడి జాడీ మూతలతో సహా.