వేడెక్కితే బొంగురుపోయే పెట్టె

మూత విప్పిన ఆంప్లిఫయర్‌లో ట్రాన్సిస్టర్ కాలికి మీటరు వైరును ఆనించి, రెండో చేత్తో జుట్టు ఆరబెట్టే మిషను పట్టుకుని వేడిగాలి కొడుతోంది పిన్ని. వీధి మొత్తానికీ ఆవిడ సోల్డరింగ్ పిన్నే. చదివింది ఏడో తరగతి. పాడైన రేడియోలు విప్పి చూసి పని నేర్చుకుంది.

నాలుగు వోల్టులున్నది చూస్తుండగానే రెండుకు దిగింది.

పక్కనే కుర్చీలో మరిది. అతనికి డిప్లొమా ఉంది. అది గోడకు వేలాడుతోంది. ఆ మేకు కొట్టింది కూడా పిన్నే. సంగీతం హాల్లోని ఈ ఆంప్లిఫయర్‌ను పోయిన నెల బాగుచేసింది అతనే. అప్పట్నుంచి మధ్యాహ్నం పాఠాల్లో పాట బొంగురుగా వస్తోంది. పాటల టీచరుకు గొంతు పోయిందని హాలు సెక్రటరీకి చెప్పిందీ అతనే. ఈ సాయంత్రం ఆవిడను ఉద్యోగం మాన్పించేస్తారు. ఆ టీచరు గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని ఉంది.

"ఆవిడకి కావాల్సింది మిరియాల కషాయం, వదినా. సోల్డరింగ్ కాదు."

"దీన్ని ఎక్కడ పరీక్షించావు?"

"నా గదిలో. బ్రహ్మాండంగా పలికింది."

"ఏసీ గదిలో. హాలు మీదున్నవి రేకులు. పన్నెండు వోల్టుల్లో ఇది ఆరు దగ్గర నిలబడాలి. అప్పుడే పాట పైకీ కిందకీ సమానంగా ఊగుతుంది. ఇది వేడికి కిందకి జారి, నేలకి తగిలి తెగిపోతోంది."

"అయితే హాల్లో ఏసీ పెట్టించమను."

"ఎలుక దూరిందని ఇల్లు తగలబెట్టే రకం నువ్వు. రెసిస్టర్ పెట్టడం రాక ఊరు చల్లబెడతావా?"

అతను పెట్టిన ఒంటి రెసిస్టర్‌ను పీకేసింది. దాని చోట రెండు పెట్టి, ఎమిటర్ కింద మరొకటి, పక్కన ఒక కెపాసిటర్ అతికించింది. మీటరు మీద ఆరు. వేడిగాలి కొట్టింది. అంకె కాస్త వణికి అక్కడే ఆగింది.

"పాడమ్మా."

మిషను ఆపి మైకు అందించి, పెట్టెను గుమ్మం బయట ఎండలో కాగిన రేకు మీద పెట్టింది. టీచరు పై స్థాయిలో ఒక్క స్వరం పట్టి నిలిపింది. స్పీకర్లో ఎక్కడా జీర లేదు. మరిది తన ఫోను చూసుకున్నాడు.

"సెక్రటరీతో ఏమనాలి?"

"పాడైంది ఆవిడ గొంతు కాదు, నేను చేసిన రిపేరు అను."

"నేనూ వస్తానండీ," అంది టీచరు లేస్తూ. "మీరు ఆ మాట అంటుంటే వినాలి."

పిన్ని నాలుగు మరలూ బిగించి పెట్టెను మరిది చేతుల్లో పెట్టింది.

"మొయ్యి. మూత మాత్రం విప్పకు."